నెట్ నడుమ రెండంగుళాల తగ్గు

2024వ సంవత్సరం. జనగామలో నేను ఆటసామాను దుకాణం పెట్టి అప్పటికి పందొమ్మిదేళ్లు. దేవరుప్పుల మండలంలోని ఒక పాఠశాలవారు తమ కొత్త పికిల్‌బాల్ కోర్టుకు నెట్ కట్టమన్నారు. శుక్రవారం తనిఖీలో కోర్టు నెగ్గితే ఆదివారం పోటీలు అక్కడే, లేకుంటే మహబూబాబాద్‌లో. అంతదూరమైతే వ్యాయామ ఉపాధ్యాయురాలు సరిత జట్టులోని సగం మంది ఆడపిల్లలను ఇంట్లో పంపరు.

ఈ ఆటలో నెట్ ఎత్తు అంచుల వద్ద ముప్పై ఆరు అంగుళాలు, నడుమ ముప్పై నాలుగు. ఆ తగ్గు నిలిచేందుకు నడుమ ఒక పట్టీ వేసి నేలలోని కొక్కేనికి తగిలిస్తాము. దానినే సెంటర్ స్ట్రాప్ అంటారు. గురువారం సాయంత్రం 5.40కి మూడుచోట్లా కొలిచి, డైరీలో రాసుకొని వెళ్లాను.

మరునాడు 8.10కి వచ్చి చూస్తే పట్టీ లేదు. నడుమ కూడా ముప్పై ఆరే! స్తంభాలు పాతిన మల్లయ్య మేస్త్రి, మట్టం చూసే నీళ్ల గొట్టం భుజాన వేసుకొని, తృప్తిగా నిలబడి ఉన్నాడు.

"సేటూ, పొద్దుగాల వచ్చి జూస్తే నడుమ బొర్ర జారినట్టున్నది. నీ ఇజ్జత్ పోతదని గుంజి కట్టిన."

"నడుమ తగ్గు ఉండాలె మేస్త్రీ. అది రూలు."

"రూలు కాయిదం మీద ఉంటది, మట్టం కండ్లకు కనబడతది. ముప్పై ఏండ్ల సంది నా గోడ ఒక్కటి వంకర పోలే. ఇయ్యాల ఊరంత నవ్వాల్నా?"

"మరి కొక్కెమేది?"

"పిల్లల కాళ్లకు తగుల్తదని సిమెంటుతోని పూడ్చిన."

సరిత తల పట్టుకుంది. అధికారి రాకకు ఇంకా యాభై నిమిషాలు. నేను నిబంధనల పుస్తకం తీశాను. మేస్త్రి బీడీ తీశాడు. పుస్తకం మూసి అడిగాను:

"బాత్రూంల గచ్చు సమంగ పోస్తవా?"

"పిచ్చా? నీళ్లెట్ల పోతయి? మోరీ దిక్కు వాటం ఇస్తం."

"గిది గూడ వాటమే. నడుమకెల్లి బంతి జర అల్కగ పోవాలె."

ఆయన బీడీ పారేశాడు. "వాటమని ముందుగాల జెప్పొద్దా! అంగుళాలు, అంగుళాలని ఒకటే ఒర్రుతున్నవ్."

ఇరవై నిమిషాలలో పచ్చి సిమెంటు గీకి, కొక్కెం తేల్చి, పట్టీ బిగించాడు. అధికారి కొలతలు చూసి సంతకం చేశాడు. గుమిగూడినవారిలో ఒక పెద్దమనిషి "నడుమ జారినట్టుందే" అనబోతే మేస్త్రి గద్దించాడు:

"అది వాటం! తెల్వకపోతే సప్పుడు జేయకు."

ఇప్పుడు నెట్ అమ్మిన ప్రతిసారీ కొలతకు కారణం కూడా చెబుతున్నాను. కొన్నవారికంటే ముందు మేస్త్రికి. పని తెలియనివాడు మనల్ని అడుగుతాడు. పనిలో దిట్ట అడగడు, సరిచేసి పెడతాడు.