బ్రూనోతో బాబాయిగారి సాయంత్రాలు

ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది. బాబాయిగారి అమ్మాయి. "చెల్లే, బాపు పోయిండు" అంది. ఆ తరువాత ఏం చెప్పిందో కింద ఆటోల రొదలో సరిగ్గా వినపడలేదు. గుండె బలహీనపడిందని ఆయన్ని కొన్నాళ్ళ క్రితమే సైనిక్‌పురిలో వాళ్ళింటికి తీసుకెళ్ళింది. మందులు మార్చారని, కోలుకుంటున్నారని చెబుతూ వచ్చింది. తిరిగి వస్తారనే మేమంతా అనుకున్నాం.

ఇంటికొచ్చేసరికి, ముందే వచ్చిన మా ఆయన తలుపు తీయగానే బయటికొచ్చిన మా కుక్క బ్రూనో ఒక అంతస్తు కిందికి దిగి, తాళం వేసి ఉన్న బాబాయిగారి తలుపు ముందు పడుకుని ఉంది. దానికి ఎలా చెప్పాలో తెలియక నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను.

ఆయన మాకు చుట్టం కారు. మేం గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి నాచారంలో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నవాళ్ళం. ఆయన సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. మాది మూడో అంతస్తు, ఆయనది సరిగ్గా మా కింద. నేను బాబాయిగారూ అని పిలిస్తే, "గారు గీరు ఏంది బిడ్డా, నేనేమన్న తాసిల్దార్నా?" అని నవ్వేవారు.

బ్రూనో నల్ల లాబ్రడార్. మా ఆయన స్నేహితుడు ఊరు మారుతూ ఇచ్చివెళ్ళిన పిల్ల. తెచ్చినప్పుడు ఒళ్ళో పట్టింది. ఏడాది తిరిగేసరికి వెనక్కాళ్ళ మీద లేచి నిలబడితే ముందు పాదాలు నా భుజాల మీద పడేవి. మేమిద్దరం ఆఫీసులకు వెళ్ళిపోయాక పగలంతా రెండు గదుల ఇంట్లో అదొక్కటే. సోఫాలో స్పాంజి బయటికొచ్చింది. చెప్పుల స్టాండు ముక్కలైంది. తలుపు అడుగున చెక్క గీరిగీరి తెల్లబారింది. దాని అరుపులకు పసిపాప నిద్ర లేస్తోందని పక్క ఫ్లాట్ వాళ్ళు గొడవపడ్డారు. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు పిలిపించి మర్యాదగానే చెప్పారు, ఏదో ఒకటి చూసుకోండని. కీసర దగ్గర మామిడితోట ఉన్న ఒకాయన తీసుకుంటానన్నాడు. ఇచ్చేద్దామనే అనుకున్నాం. ఆ మాట అనుకున్న రోజు మేం ఇద్దరం సరిగ్గా అన్నం తినలేదు.

ఆ శనివారం సాయంత్రం బాబాయిగారు మా గ్రిల్లు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఈయన కూడా చీవాట్లు పెట్టడానికే వచ్చారనుకున్నాను.

"కుక్కను తోటకిస్తున్నరంట గద?" అన్నారు.

"అవునండి బాబాయిగారూ. పైన ఇది పరుగెడుతుంటే మీకెంత ఇబ్బందో మాకు తెలుసు."

"నా ఇబ్బంది ఇడిసిపెట్టు. నీకో ముచ్చట జెప్త. మీరు డ్యూటీకి పోయినంక అది ఒక్క దగ్గర కూసోదు బిడ్డా. దర్వాజ కాడికెళ్ళి బాల్కనీ దాక, బాల్కనీ కాడికెళ్ళి దర్వాజ దాక. పొద్దుగూకేదాక గదే నడక. నడుమ జరసేపు సప్పుడు ఆగితే, పండుకున్నదేమో అనుకుంట. మల్ల షురూ. కింద నేనొక్కన్నే ఉంట గద, అంత ఇనబడ్తది. నాకు ఫికరైతది."

మేం వచ్చేసరికి చిరిగిన సోఫా కనిపించేది కానీ, ఆ నడక మాకెప్పుడూ వినపడలేదు.

"మాపటీలి నాకియ్యుండ్రి. సల్లబడ్డంక తిప్పుకొస్త" అన్నారు.

"మీకు కుక్కలు అలవాటేనా?"

"లేదు" అని, గ్రిల్లులోంచి మూతి బయటపెట్టిన బ్రూనోను చూసి ఒకడుగు వెనక్కి వేశారు. "నాకు కుక్కలంటే బయ్యం."

మొదటి రోజే అది ఆయన్ని ఈడ్చుకుపోయి మిర్చిబజ్జీల బండి ముందు పడేసింది. మోచేయి గీరుకుపోయి, చొక్కాకు మట్టి అంటుకుని తిరిగొచ్చారు. ఇక రారనుకున్నాం. మర్నాడు అదే వేళకు గంట మోగింది. "ఏం దొరా, పోదమా?" అన్న గొంతు వినిపించింది. అప్పటి నుంచి బ్రూనో ఆయనకు దొర. దొర తిన్నడా, దొర పండుకున్నడా అనే అడిగేవారు.

ఆయనకు కుక్కల పెంపకం గురించి ఏమీ తెలియదు. తోచింది చేసి చూసేవారు, కుదరకపోతే ఇంకొకటి. రబ్బరు బంతి కొనుక్కొచ్చారు, కాఫీ చల్లారేలోపు అది పీలికలైంది. వానాకాలంలో బయటికెళ్ళలేక మెట్ల మీద ఎక్కించి దించితే, కుక్క హుషారుగానే ఉంది, ఆయనకే మోకాళ్ళు పట్టేశాయి. చివరికి ఒక రోజు పాత లుంగీని చింపి, జొన్నరొట్టె ముక్కలు ఒక్కొక్క గుడ్డలో మూటగట్టి తెచ్చారు. "పొద్దుగాల పొయ్యేటప్పుడు ఇవి ఇంట్ల ఆడీడ దాసిపెట్టి పోండ్రి. దేవులాడుకుంటది" అన్నారు. ఆ రోజు మేం తిరిగొచ్చేసరికి ఇంటినిండా విప్పిన గుడ్డలు, వాటి మధ్య అలసిపోయి నిద్రపోతున్న బ్రూనో. "దానికి బువ్వ తక్కువైందా? పని తక్కువైంది" అన్నారు బాబాయిగారు.

ఒక ఆదివారం దాన్ని నేను తిప్పుతుంటే గేటు దగ్గర ఎదురొచ్చారు. ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూస్తోందని విసుక్కుంటూ తాడు లాగుతున్నాను. "గట్ల గుంజకు. నువ్వు దుక్నంల చీరలు సూడవా? అది గూడ సూస్తది" అన్నారు. ఇంకో దృశ్యం మా బాల్కనీ నుంచి చూశాను. ఎండాకాలం, పొద్దు వాలినా తారు రోడ్డు ఇంకా సెగలు కక్కుతోంది. ఆయన గేటు దాటగానే ఒక చెప్పు విడిచి, అరికాలు రోడ్డుకు ఆనించి చూసి, "ఇంక జరసేపు ఆగు దొరా" అంటూ దాన్ని మళ్ళీ నీడలోకి తీసుకొచ్చారు. ఇద్దరూ పార్కింగులో పక్కపక్కన కూర్చుని రోడ్డు చల్లబడటం కోసం ఎదురుచూశారు. ఆయన ఏదో చెబుతూనే ఉన్నారు. అది చెవులు రిక్కించి వింటోంది.

ఎక్కడెక్కడ తిప్పుతారో నేనెప్పుడూ అడగలేదు. ఇద్దరూ తృప్తిగా తిరిగొచ్చేవారు, అంతే చాలనుకున్నాను.

కర్మ అంతా అయిపోయాక వాళ్ళమ్మాయి ఫ్లాట్ ఖాళీ చేయడానికి వచ్చింది. సాయంత్రం టీ తీసుకెళ్ళాను. నా వెనకే బ్రూనో దూరి, గదులన్నీ ఒకసారి తిరిగొచ్చి, మంచం మీద మడతపెట్టిన చొక్కాల్లో మూతి పెట్టింది. ఆమె దాన్ని అదిలించలేదు.

"ఎన్నిసార్లు రమ్మన్ననో చెల్లే" అంది. "మా ఇంట్ల రూము గూడ సదిరి పెట్టిన. పానం బాగలేకపోయేదాక రాలే. ఈడ పనుంది, పనుంది అంటుండె. రిటైరైన మనిషికి ఏం పని? నా దగ్గర ఉండబుద్ధి గాక గట్లంటున్నడని మస్తు కోపమొస్తుండె."

బాబాయిగారు కుక్క సంగతి కూతురికి చెప్పనే లేదని అప్పుడు తెలిసింది. మోకాళ్ళు బాగాలేవని ఆమె కోప్పడుతుందని దాచి ఉంటారు. నేను ఏదో చెప్పబోయి ఆగాను. బ్రూనో తలుపు దగ్గర నిలబడి మమ్మల్నే చూస్తోంది. "అక్కా, మాతో ఒకసారి రండి" అన్నాను.

తాడు ఆమె చేతికే ఇచ్చాను. ఎటు వెళ్ళాలో మాకు తెలియదు, దానికి తెలుసు. ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. ఇస్త్రీ చేసే ఆమె పెట్టె పక్కన పెట్టి, "పెద్దసారు వస్తలేడేంది?" అని అడిగింది. చెప్పాం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిరాణా కొట్టు ముందు ఆగితే కొట్టతను అలవాటుగా బన్ను ముక్క అందించబోయి, తాడు పట్టుకున్న ఆమె ముఖంలో ఆయన పోలిక చూసి తలదించుకున్నాడు. అక్కడి నుంచి బ్రూనో ఫ్యాక్టరీల వైపు తిరిగింది. మూతపడిన ఒక ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుంది. ముసలి వాచ్‌మన్ బయటికొచ్చాడు. అతనికీ చెప్పాం.

"మీరు సారు బిడ్డనా?" అన్నాడు. "ఆయన ఈడ్నే పనిజేసె. దినాం దీన్ని లోపటికి తెచ్చి ఇడిసిపెట్టి, గా దిమ్మె మీద కూసుంటుండె. మీ ముచ్చటనే చెప్తుండె. 'బిడ్డ రమ్మంటున్నది, పోవాల్నని నాగ్గూడ ఉన్నది, గని నేను బోతే ఇది మల్ల గా గదులల్ల నడుసుకుంటనే ఉంటది' అంటుండె."

వాచ్‌మన్ చిన్న గేటు తెరిచాడు. లోపల గడ్డి మొలిచిన పెద్ద ఖాళీ స్థలం. తాడు ఎలా విప్పాలో ఆమెకు తెలియక వేళ్ళు తడబడుతుంటే బ్రూనో మెడ వంచి నిలబడింది. విప్పగానే పరుగు తీసింది. గడ్డిలోంచి కొంగలు ఒక్కసారిగా లేచాయి. చెవులు వెనక్కి వాలి, నల్లటి ఒళ్ళు సాగి, గోడ వెంబడి ఆ చివర నుంచి ఈ చివరకు చుట్టు తర్వాత చుట్టు. ఆమె దిమ్మె మీద కూర్చుని చూస్తూ ఉంది. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

పక్క ఫ్యాక్టరీలో షిఫ్టు వదిలారు. సైకిళ్ళు, బైకులు గేటు ముందు నుంచి వరుసగా పోతున్నాయి. ఒకతను పరుగెత్తుతున్న బ్రూనోను చూసి, బండి నెమ్మది చేసి, దిమ్మె వైపు నవ్వుతూ చెయ్యెత్తాడు. అక్కడ కూర్చున్నది ఆయన కాదని తెలిశాక కూడా, ఎత్తిన చెయ్యి దించకుండానే మలుపు తిరిగిపోయాడు.