కడగొద్దన్న కొడవలి

దయ్యమని, గాలి సోకిందని ఎవరైనా అంటే ముఖం మీదే నవ్వేసేవాణ్ని. ముప్పై ఏళ్లు బడిలో సోషల్ పాఠాలు చెప్పిన నోరిది. రిటైరయ్యాక నంద్యాలలో రెండు గదుల చిన్న మ్యూజియం చూసుకుంటున్నాను. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. ఒకప్పుడు నేనూ అలాగే నవ్వాను.

మామూలు రోజుల్లో మా మ్యూజియంలో ఈగ కూడా వాలదు. అందుకే కాలానికో కార్యక్రమం పెడతాం. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు మట్టిబొమ్మలు, ఉగాదికి పాత పంచాంగాలు, దసరాకు పాత పనిముట్ల పండుగ. ఇళ్లలో మూలబడిన గొడ్డళ్లు, పారలు, కొడవళ్లు జనం తెచ్చిస్తారు. ఆయుధపూజ నాడు అన్నీ కడిగి, బొట్టు పెట్టి వరండాలో పేరుస్తాం.

ఆ ఏడు పండక్కి వారం ముందు, ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి నాగమ్మ అనే ముసలామె గోనెసంచిలో ఒక వేటకొడవలి తెచ్చింది. తన భర్తను నరికింది దాంతోనేనని, పోలీసులు రాకముందే చేలోంచి తీసి దాచానని చెప్పింది. మనవళ్లు ఎదుగుతున్నారు, ఇక అది వాళ్ల కంట పడకూడదట. కొడవలి మీద నల్లటి పెచ్చు కట్టి ఉంది. ఫారంలో రాయడానికి భర్త పేరు అడిగితే తల అడ్డంగా ఊపింది. మొగుడి పేరు నోటితో పలకని తరం. ఆ గడి ఖాళీగా వదిలేశాం.

గేటు దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది.

"దీన్ని కడగొద్దు సార్. బొట్టు పెట్టొద్దు. పెడితే పనికి తీసినట్లే అయితాది."

మా వైపు కొన్ని సేద్యపు ఇళ్లలో ఆ పట్టింపు ఉంది. పూజలో బొట్టు పెట్టిన పనిముట్టుతో ఆ రోజు కొంచెమైనా పని చేయించాలి. నాకు తెలియనిది కాదు. అయినా చింతపండు పెట్టి నేనే తోమాను, బొట్టూ పెట్టాను. పెచ్చుతో పెడితే చూడ్డానికి బాగుండదనుకున్నాను. జనానికి ముచ్చటగా ఉంటుందని గుమ్మడికాయ కొట్టడానికీ దాన్నే తీశాను. ఆ తెలివికి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

ఉదయం పదకొండు గంటలు. వరండాలో నలభై మంది దాకా ఉన్నారు. ఎనిమిదేళ్లుగా నాతో పనిచేస్తున్న రంగస్వామి నాకు వీపు తిప్పి హారతి వెలిగిస్తున్నాడు. నేను కొడవలి ఎత్తాను. ఎక్కడో మడిలోకి నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత గుమ్మడికాయ పగిలిన చప్పుడు.

మళ్లీ తెలివి వచ్చేసరికి నలుగురు నా మీద కూర్చుని ఉన్నారు. నేలకు పరిచిన బేతంచెర్ల బండల సందుల్లో రక్తం పారుతోంది. గుమ్మడికాయ చెక్కు చెదరకుండా నా పక్కనే ఉంది.

మొదటి దెబ్బ రంగస్వామి ఎడమ భుజం మీద వేశానట. అతను తిరిగి చేయి అడ్డం పెడితే రెండు వేళ్లు తెగిపడ్డాయి. పరుగెత్తబోతే వంగి మోకాలి వెనక కోశానట. ఒకరి ఫోన్లో తీసిన వీడియో పోలీసులు చూపించారు. తొందర లేకుండా, పని తెలిసినవాడిలా నరుకుతున్నాను. నా జన్మలో కోడిని కోసి ఎరగను.

పరీక్షల కోసం నన్నూ అదే ఆసుపత్రిలో పెట్టారు. పక్కన కానిస్టేబుల్. మర్నాడు మధ్యాహ్నం రంగస్వామి కళ్లు తెరిచాడంటే నన్ను చూడనిచ్చారు. అప్పటికే నాగమ్మ వచ్చి మంచం దగ్గర నిలబడి ఉంది. అతనికి మెడ దాకా దుప్పటి కప్పి ఉంది.

ఏ దెబ్బ ఎక్కడ పడిందో ఆమె వరసగా చెప్పింది. తన మొగుడికీ అవే మూడు దెబ్బలట. ఎవరో చెబితే విని ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. రంగస్వామి నా వైపు చూశాడు.

"మీరు నన్ను పేరు పెట్టి పిలిచినారు సార్. నా పేరు కాదు. చిన్నోబులేసూ అని పిలిచి కొట్టినారు."

నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆయన పేరేనా అని అడిగాను. అవునన్నట్లు తల ఊపింది. తర్వాత నా చేతులు చూస్తూ అడిగింది.

"కడిగినావా?"

అవునన్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను.

నాకు మూర్ఛ వచ్చిందని చెప్పి రంగస్వామి కేసు నిలవకుండా చేశాడు. డాక్టర్లు తలకు అన్ని పరీక్షలూ చేశారు, ఏమీ దొరకలేదు. ఆ ఫారం తీసి ఎన్నిసార్లు చూశానో, ఆ గడి ఖాళీగానే ఉంది. ఆ పేరు నా నోటికి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కొడవలిదే తప్పంటే నేను తప్పించుకున్నట్లు అవుతుంది. నాదే అందామంటే నమ్మలేను.

రంగస్వామి మూడు వేళ్ల చేతితో, కుంటుకుంటూ ఇప్పటికీ పనికి వస్తాడు. టీ తెచ్చిస్తాడు, నవ్వుతాడు, మందులు వేసుకున్నారా సార్ అని అడుగుతాడు. గదిలోంచి పోయేటప్పుడు మాత్రం నా వైపే చూస్తూ, వెనక్కి వెనక్కి నడిచి గడప దాటుతాడు.