రెండు గీతల మధ్య చుక్క

మా బావకు చుక్కల పిచ్చి. ముప్పై ఏళ్ళు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసిన మనిషి, ఇంటికొచ్చాక కూడా అద్దాలతోనే కాపురం చేశాడు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు పట్టపగలే చుక్కలు చూపిస్తున్నాడు మీ బావ" అనేది అక్క. అందరం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాదు.

ఆయనకు కావలసింది ఒకే ఒక్క చుక్క. ఆకాశంలో అన్నిటికన్నా వెలిగిపోయే సిరియస్‌కు జతగా, దాని పక్కనే ఇంకో నక్షత్రం ఉందట. వెలుగులో దానికి పదివేలో వంతు. పెద్దదాని ధగధగలో మునిగిపోయి కనబడదు. దాన్ని ఫోటోలో పట్టాలని ఐదు చలికాలాలు డాబా ఎక్కాడు. ఆరు మూలల కంత కోసిన అట్టను టెలిస్కోపు మూతికి తొడిగేవాడు. అలా తొడిగితే పెద్దదాని వెలుగు ఆరు గీతలుగా చీలి, గీతల మధ్య నల్లటి చోటు మిగులుతుంది. అట్టను కొద్దికొద్దిగా తిప్పుతూ చిన్నది ఆ చోటులో పడేలా చూసుకోవాలి. పొద్దు గూకగానే, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే ఫోటో తీసేవాడు. బాగా చీకటి పడితే పెద్దదాని జిగేలు మరీ ఎక్కువట.

ఆరో చలికాలం ముందర కళ్ళ డాక్టరు చూపు నరం ఎండిపోతోందన్నాడు. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. "ఈసారి పట్టాలి" అన్నాడు బావ.

నాది ఫోటో స్టూడియో. నా పనంటే బావకు చులకన. నలుగురిలో ఉన్నప్పుడే "మా బావమరిది ఉన్నది చెరిపి పొట్ట పోసుకుంటాడు" అనేవాడు. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, ముసలాళ్ళ మచ్చలు చెరపడమే నా బతుకన్నది నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండేది.

చలికాలం చివర్లో బావ కెమెరా కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో మూడు వందల ఫోటోలున్నాయి. స్క్రీను మీద సన్నటివి ఆయనకు అప్పటికే ఆనడం లేదు.

"బాగా వచ్చింది ఒకటి ఏరి పెద్దది చెయ్‌రా. రెండు గీతల మధ్య చూడు."

పెళ్ళిళ్ళ రోజులు, ఊపిరాడని పని. తేటగా ఉన్న ఫోటో ఒకటి ఏరాను. చెయ్యి దాని అలవాటు కొద్దీ అది పోయింది. కనబడిన ప్రతి తెల్లటి నలుసునూ తుడిచేసి, దాన్నే సేవ్ చేసి ప్రింటు తీశాను. పని అవగానే కార్డు ఖాళీ చెయ్యడం మా షాపు పద్ధతి. ఖాళీ చేశాను. ప్రింటు చేతిలోకి తీసుకున్నాకగానీ ఆయన మాట గుర్తు రాలేదు. రెండు గీతల మధ్య ఒక నలుసు ఉండింది.

సాయంత్రం బావ వచ్చి ప్రింటును ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"ఉందా?"

ఉండేది, నేనే తుడిచాను అనాలి. నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఇద్దరు గిరాకీలు కూర్చుని ఉన్నారు. రేపటి నుంచి ఈ కథ బావ నోట ఎలా తిరుగుతుందో నాకు కళ్ళకు కట్టింది.

"లేదు బావా."

"సరిగ్గా చూడు."

"చూశాను. నల్లగా ఉంది."

"మిగతావాటిల్లో?"

"అన్నీ చూశాను. ఎందులోనూ లేదు."

ఆయన ప్రింటు బల్ల మీద పెట్టేశాడు. "అట్ట తిప్పడంలో నేనే తప్పుచేసి ఉంటాను" అన్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి డాబా మెట్లే కనబడకుండా పోయాయి. ఇప్పుడు గుమ్మం ఎక్కడో గోడ ఎక్కడో తడిమి చూసుకుంటాడు. ఇంటికి భోజనానికి ఎవరొచ్చినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భుజం మీద చెయ్యేసి చెబుతాడు.

"ఉందని అనేస్తే నమ్మేసేవాణ్ణి. హాయిగా ఉండేవాణ్ణి. వీడు అనలేదు. నా మొహం చూసి కూడా అబద్ధం ఆడలేదు."

మొదట్లో ఆ మాట వింటే ముద్ద దిగేది కాదు. ఇప్పుడు మారు కూడా వడ్డించుకుంటున్నాను.