కాకి ముట్టిన రొట్టె

నాందేడ్ జిల్లా మర్ఖేల్‌లో ఒక మరాఠీ బడిలో నేను టీచర్‌ని. పిల్లలు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. కథలో మలుపులు, ప్రతీకలు అంటూ పుస్తకం తెరిస్తే ఆవులిస్తారని, పోయిన సంవత్సరం తొమ్మిదో తరగతికి తెర మీద ఒక విదేశీ మాయాజాల సినిమా వేశాను.

తండ్రిని పోగొట్టుకున్న రాకుమారుడు చెల్లెలితో అడవిలో దాక్కుంటాడు. ఒక కాకి వాళ్ల వెంటే తిరుగుతుంది. రొట్టె వేసినా ముట్టదు. అక్కడ సినిమా ఆపి, "ఈ కాకి దేనికి ప్రతీక?" అని అడిగాను. 'కీడు' అని బోర్డు మీద రాయడానికి సుద్దముక్క కూడా పట్టుకున్నాను.

అంతకు నెల ముందు తండ్రి పోయినప్పటి నుంచి క్లాసులో నోరు విప్పని సావిత్రి లేచి నిలబడింది.

"గా కాకి ఆళ్ల నాయినే, మేడం. బిడ్డ మీద పానం కొట్టుకుంటున్నది. చెల్లెను నేను చూసుకుంట అని పిలగాడు మాటిస్తెనే ముడ్తది."

సినిమా మళ్లీ నడిపించాను. రాకుమారుడు నిద్రపోతున్న చెల్లెలి తల మీద చెయ్యి వేసి "నేనున్నాను" అన్నాడు. కాకి దిగివచ్చి రొట్టె అందుకుంది. పిల్లలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎన్నోసార్లు చూసిన సినిమాలో ఆ మాటకీ ఆ కాకికీ ఉన్న సంబంధం నాకెప్పుడూ తట్టలేదు.

"నీకెట్ల తెలిసిందే?" అన్నాను.

"దినాల నాడు మా నాయినకు పెట్టిన కూడు గూడ కాకి ముట్టలే, మేడం. తమ్ముణ్ని నేను సదివిస్త అన్నంక ముట్టింది."

ఇప్పుడు ఏ కథలోనైనా ప్రతీక గురించి అడిగే ముందు, చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టేస్తాను.