గానుగ వంతు పోగొట్టుకున్న అభ్యర్థి

మా బావ ఎంపీటీసీగా గెలుస్తాడని అనకాపల్లి చుట్టుపక్కల అందరికంటే ముందు చెప్పింది నేనే. గెలవలేదు. ఘోరంగా ఓడిపోయాడు. ఓడిపోతాడని అందరికంటే ముందు తెలిసింది కూడా నాకే.

బావ అంటే మా చెల్లెలి మొగుడు. మొండివాడు. నవ్వడం అతనికి చాతకాదు. రాష్ట్రమంతా ఒకే పార్టీ గాలి వీస్తున్న రోజులవి. వార్డు మెంబరు నుంచి మంత్రి దాకా వాళ్ళే. ఎదుటి పార్టీ జెండా కట్టుకోవడానికి మా ఊళ్ళో ఎవరూ కర్ర కూడా ఇవ్వలేదు. ఇలా రాస్తే బాగుంటుందని రాశాను. కర్ర ఇచ్చారు, పాతుకోవడానికి జాగా ఇవ్వలేదు.

అలాంటి ఏడాది ఆ ఎదుటి పార్టీ తరఫున మా బావ నామినేషన్ వేశాడు. పదవి మీద ఆశతో కాదు. ఎవరూ నిలబడకపోతే ఏకగ్రీవం అయిపోతుంది, ఏకగ్రీవం అనే మాట వింటే అతనికి ఒళ్ళు మండుతుంది. ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే మనిషి దొరక్క చివరికి నా గుమ్మం ఎక్కాడు. మా ఇద్దరికీ పడదు. వాళ్ళ పెళ్ళి భోజనాల దగ్గర నాకు రెండోసారి గారె వెయ్యలేదు, అప్పటి నుంచీ పడదు. అయినా సంతకం పెట్టాను. అవతలి వాళ్ళ మీద నాకున్న మంట, గారె మంటకంటే పెద్దది.

మర్నాటికల్లా ఊరు మమ్మల్ని వెలేసినంత పని చేసింది. మంగలి కత్తి నూరుతూనే కూర్చున్నాడు గాని నన్ను రమ్మనలేదు. టీ బడ్డీ వాడు గ్లాసు సగమే పోసి నా ముందు విసురుగా పెట్టాడు.

"ఏటి మామా, మీ బావకి డిపాజిట్టైనా వత్తాదా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు పడక నా నోరు లేచింది.

"డిపాజిట్టేట్రా, మెజార్టీ సూసుకో. కింద వీధంతా మాదే. పల్లపు వీధి సగం మాదే. ఇంకో ముక్క సెప్పనా? మీ గానుగాయన ఇంట్లో ఓట్లే మాకు పడతన్నాయి, ఆయనొక్కడిదీ తప్ప!"

నవ్వు ఆగిపోయింది. నాకు భలే తృప్తిగా అనిపించి, ఆ సగం టీ దొరలా తాగి లేచాను. కింద వీధిలో మేం ఇంకా ఓటు అడగనేలేదు. గానుగాయన గడప నేను తొక్కి ఏళ్ళయింది.

ఈ గానుగాయన ఎవరంటే, మా ఊరి చెరకంతా ఆడి బెల్లం వండే గానుగకు యజమాని. మా బావ మీద నిలబడినవాడు ఆయన సొంత తమ్ముడు. మాలో ఒక కట్టుబాటు ఉంది. గానుగ వంతు నోటిమాట మీదే నడుస్తుంది. ఫలానా రోజు నీదని ఒకసారి అన్నాక, పగవాడికైనా వంతు వంతే. పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా ఒకడి చెరకు అయ్యేదాకా ఇంకొకడు పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుంటూ చూసేవారు. గానుగాయన మా బావకి గురువారం అన్నాడు. ఎన్నికల్లో ఎదురెదురుగా ఉన్నామన్న ఆలోచన కూడా లేకుండా బావ బుధవారం చెరకంతా కొట్టించేశాడు. కొట్టిన చెరకు పెళ్ళికి ముస్తాబైన పిల్లలాంటిది, ఎక్కువసేపు కూర్చోబెట్టకూడదు. ఎండకు రసం పులుస్తుంది, పాకం గట్టిపడదు.

గురువారం పొద్దున్న ట్రాక్టరు గానుగ దగ్గర ఆగింది. నేనూ ఉన్నాను. గానుగాయన మంచం మీంచి లేవలేదు.

"మోటారు పాడైంది," అన్నాడు.

ఆయన వెనకే మోటారు మోగుతోంది. వేరే వాళ్ళ చెరకు లోపలికి పోతోంది.

"మరదేటి?" అన్నాడు బావ.

"ఆళ్ళకి బాగానే ఉంది. నీకు పాడైంది. రేపు మూడింటి దాకా పోటీలోంచి తప్పుకోడానికి టైముంది కదా. మండలాఫీసుకెళ్ళి సంతకం ఎట్టి రా. నాలుగింటికి నీ బెల్లం పెనం పొయ్యెక్కుతాది."

"వంతు మాటిచ్చేవు నువ్వు."

"ఇచ్చేను. నా ఇంట్లో ఓట్లు నీయేనని, ఇదిగో, ఈ మీ బావ ఊరంతా టముకేత్తన్నాడు. మా తమ్ముడు రేత్రి అన్నం తిన్లేదు. మీకేదో బలం లేకపోతే అంత మాటంటాడా?"

బావ నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు గురించి రాయను.

మధ్యాహ్నం మా చెల్లెలు వచ్చి నా వాకిట్లో నిలబడి తిట్టింది. "అన్నియ్యా, నువ్వు నోరు మూసుకునుంటే ఆళ్ళు మమ్మల్ని పురుగులాగ ఒదిలేసుందురు. ఏడాది పంట! ఎండకి ఎలగ మాడిపోతందో వచ్చి సూడు! నీ బతుకులో ఒక్క మాట నిజం సెప్పి సావలేవా?"

సరే, నిజమే చెబుదామని సాయంత్రం గానుగాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. గర్జించాను అని రాద్దామనుకున్నాను గాని, చేతులు కట్టుకునే నిలబడ్డాను.

"అదంతా నాను కోసిన కోతలే. కింద వీధీ నేదు, పల్లపు వీధీ నేదు. మా బావకి మా రెండిళ్ళ ఓట్లే. ఆడి వంతు ఆడికిచ్చెయ్యి," అన్నాను.

ఆయన నన్ను కిందకీ మీదకీ చూశాడు.

"సిన్నప్పట్నించి సూత్తన్నాను నిన్ను. నువ్వు నిజం సెప్పడం నానెరగను. ఇయ్యాల సేతులు కట్టుకుని మరీ సెప్తన్నావంటే, లోపల పెద్ద ఎత్తే ఉంది," అన్నాడు. తమ్ముణ్ణి పిలిచి, మా పల్లపు వీధిలో ఇంటింటికీ మళ్ళీ తిరగమని నా ఎదుటే పురమాయించాడు.

పక్క ఊళ్ళలో గానుగలున్నాయి. నక్కపల్లి వైపు చుట్టాలకు ఫోన్లు చేశాను. అన్నిచోట్లా వంతులు నిండిపోయాయన్నారు. నిజమో, భయమో.

శుక్రవారం నేనూ బావా ఆటోలో మండలాఫీసుకు వెళ్ళాం. గేటు దగ్గర గానుగాయన తమ్ముడి మనుషులు కారు నీడన నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో దండ కూడా ఉంది, తప్పుకున్నందుకు మా బావకే వెయ్యడానికి. "రండి బావా రండి, మీ కోసమే సూత్తన్నాం," అన్నాడు ఆ దండవాడు పళ్ళికిలిస్తూ.

బావ మెట్ల దగ్గర ఆగి నన్నడిగాడు. "నిజం సెప్పు. నాకెన్ని ఓట్లొత్తాయి?"

"మా ఇంట్లోవి. మీ ఇంట్లోవి. ఇప్పుడు మా సెల్లిది కూడా అనుమానమే."

"అంతేనా?"

"అంతే బావా."

అతను ఆ కారునీ, ఆ దండనీ చూశాడు. "రెండిళ్ళ ఓట్లకి నా వంతాపేసేరు. కారేసుకొచ్చేరు. దండట్టుకొచ్చేరు. ఇంత బయపడినోళ్ళకి నాను సంతకం ఎడతానేటి? పద," అన్నాడు. మెట్టెక్కకుండానే వెనక్కి తిరిగాడు. వెనకనుంచి బూతులు వినిపించాయి. ఒకటి మా అమ్మను కూడా తాకింది. నేను తిరిగి రెట్టింపు తిట్టాను, ఆటో మలుపు తిరిగాక.

చెరకు మాత్రం పోయింది. ఆదివారానికి కణుపులు ఎర్రబడి పులుపు వాసన కొట్టింది. బావ ట్రాక్టరు చేనుకు తోలి మోపులన్నీ నేల మీద దొర్లించి, ఎవరి పశువులైనా వచ్చి మేయొచ్చని కేకేశాడు. ఊళ్ళో మాతో మాట్లాడని వాళ్ళు కూడా పశువుల్ని మాత్రం తోలుకొచ్చారు, తలలు వంచుకుని. అతను ఎవర్నీ ఏమీ అనలేదు. మా చెల్లెలు గట్టు మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చోబోతే దూరం జరిగింది.

కాసేపటికి గానుగాయన గేదెలు రెండు వాసన పట్టి వచ్చాయి. బావ మట్టిబెడ్డ తీసుకుని లేచాడు. మిగతా ఊరి గొడ్లన్నీ నములుతూ ఉండగా ఆ రెంటినీ కేకలేస్తూ గెడ్డ నీళ్ళ దాకా తరిమాడు. నేనూ ఒక బెడ్డ విసిరాను. సూటిగా వెళ్ళి ముందు గేదె కొమ్ముకు తగిలింది.

తగల్లేదు. సగం దూరంలోనే పడిపోయింది. వంగి ఇంకోటి తీసుకున్నాను.