గంజి లుంగీ పాఠం

గుడియాత్తం నేత పనివాడు దేవేంద్రన్, మగ్గం దిగిన లుంగీని ఒకసారైనా నీళ్ళలో ముంచకుండా కట్టుకుని వేలూరు బస్సెక్కాడు. దిగేటప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. గంజికి బిగిసిన లుంగీ మాత్రం కూర్చున్న ఆకారంలోనే ఉండిపోయింది.

ఆయన వీధిలోనే పిల్లలకు తెలుగు తరగతి చెప్పే కాంచన, కథ ఎలా రాయాలో నేర్పడానికి దాన్నే పాఠం చేసింది. పాత్ర దేవేంద్రన్, స్థలం బస్సు, సంఘర్షణ ఆయనకూ లుంగీకీ మధ్య, పతాక సన్నివేశం కండక్టరు ఈల. పిల్లలకు ఒక్క పూటలో అన్నీ వచ్చేశాయి. ఆ తర్వాతే ఆమెకు అసలు సంగతి గుర్తొచ్చింది. పదిమంది ఉంటేనే తరగతి నడుస్తుంది. పదో పిల్ల పవిత్ర, దేవేంద్రన్ కూతురు. ఆయన నొచ్చుకుని మానిపిస్తే తలుపు మూయాల్సిందే.

మర్నాడు ఆయన రానే వచ్చాడు, కూతురి నోటుబుక్కు తలకిందులుగా పట్టుకుని.

"ఏమ్మా, వీధంతా నవ్వతా ఉండాది. నా కత అందరూ చదివినారు, నాకే చదవను రాదు. కడాకు నన్నేం చేసినారు దీంట్లో?"

కాంచన పుస్తకాన్ని సరిగా తిప్పి ఆయనకిచ్చింది.

"ముగింపు ఇంకా రాయలేదప్పా, పవిత్ర పక్కన కూర్చోని అక్షరాలు నేర్చుకోని మీరే రాయండి."