పూడ్చిన మగ్గం గుంత

2003 ఆగస్టు 26, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఆ ఏడాది దాటాక ఈ తేదీని నేను మళ్లీ నోటితో పలికింది పోయిన నెలలోనే. మా తమ్ముడి కూతురికి ఏడో నెల. పరీక్షలకని దాని మామగారితో కలిసి వనపర్తిలో దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా, బీపీ ఉందా అని అడిగినంత మామూలుగా, ఎవరికైనా కాన్పు తర్వాత మనసు చెదిరిందా అని కూడా అడిగింది. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. మరదలు ఒడిలోని సంచీ పిడిని రెండు చేతులతో పట్టుకుంది. పిల్లకు ఏమీ తెలియదు కనుక లేదని తల ఊపబోయింది. అప్పుడు నేను, దీని తల్లికే అయ్యింది డాక్టరమ్మా అని, తేదీ, గంట చెప్పాను.

నేను ముప్పై ఒకటో ఏట భర్త పోయి గద్వాలలోని పుట్టింటికి తిరిగి వచ్చినదాన్ని. అప్పటి నుంచి ఇంట్లో నూలు లెక్క, పట్టు లెక్క, ఏ చీర ఎన్నడు ఎక్కింది, ఎన్నడు దిగింది అన్నది నా పని. మా చీర సంగతి నా ఈడు ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, కట్టడమే తప్ప నేయడం చూడనివాళ్ల కోసం ఒక మాట చెప్తాను. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగునూ పట్టు పోగునూ వరుసవరుసకూ ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతూ పోవాలి. అందుకు ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. మా ఇంటి మగ్గం కింద కాళ్లు దించుకునే గుంతలో తమ్ముడూ, అమరచింత నుంచి వచ్చిన మా మరదలూ పక్కపక్కన కూర్చునేవారు. ఆమెదీ నేతగాళ్ల ఇల్లే. ఆమె కలిపిన చోట వేలు పెట్టి రాస్తే నూలు ఎక్కడ ఆగిందో పట్టు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మెచ్చుకోవడం అలవాటు లేని మా అమ్మ కూడా ఒకసారి, "నా కొడుకు నేస్తె చీర, కోడలు చెయ్యి పెడితె పెండ్లి చీర" అన్నది.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. కాన్పు నాటికి మగ్గం మీద పడుగు, అంటే బిగించిన నిలువు పోగులు, ఉండకూడదు. నెలలు నిండకముందే ఉన్న చీర ముగించి దించేసి, పురుడు వెళ్లేదాకా మగ్గం ఖాళీగా ఉంచాలి. ఆ ఏడు చెప్పిన గడువు కంటే ముందే పాప పుట్టింది. శ్రావణమాసపు పెళ్లి చీర సగంలో ఉండగా ఆగస్టు పదహారున మరదలికి నొప్పులు వచ్చాయి. అమ్మ పళ్లు కొరుక్కుని, మగ్గం మీద పాత దుప్పటి కప్పించింది.

ఆ రోజుల్లో బాలింతను పగలు నిద్రపోనిచ్చేవాళ్లం కాదు, ఒళ్లు నీరు పడుతుందని పెద్దల మాట. రాత్రి పాప నిద్రపోనిచ్చేది కాదు. ఆరో రోజు నుంచి ఆమె అసలు కన్ను మూయలేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ గదిలో పక్కన పడుకునేది నేనే. మడత పెట్టిన గుడ్డలే విప్పి మళ్లీ మడిచేది, గోడవైపు తిరిగి తనలో తాను నవ్వుకునేది. పచ్చి ఒళ్లు కదా, వేడి చేసిందనుకున్నాం. పదకొండో రోజు పొద్దున, అమ్మ పీట మీద కాళ్లు చాపుకుని పాపకు స్నానం పోయడానికి కూర్చుని బిడ్డను ఇమ్మంటే, మరదలు తన చేతిలోని పాప ముఖం తేరిపార చూసి, "ఇది నా బిడ్డ కాదు. నా బిడ్డ గుంతల ఉంది. జల్ది తీయుండ్రి" అన్నది. పాపను నా చేతుల్లో పెట్టి, పోయి గుంతలోకి దిగి, కాళ్లతో తొక్కే కర్రల కింద మట్టిని గోళ్లతో గీరసాగింది.

గుంత పేరు ఆమె నోట వచ్చేసరికి అమ్మకు అంతా అర్థమైపోయినట్టయింది. పడుగు దించకుండా కాన్పు చేశాం, మగ్గం ఆమెను పట్టుకుంది అనుకుంది. మూడో నాడు మా పెదనాన్నను పిలిపించి, టెంకాయ కొట్టించి, బిగువుగా ఉన్న పడుగును సగం చీరతో సహా కత్తెరతో కోయించింది. బిగిసిన పోగులు తెగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. అది విన్న మరదలు తన బిడ్డనే కోస్తున్నారని అరిచిన అరుపు మా వీధి చివరి దాకా పోయింది. నయం చేద్దామని చేసిన పని అది. నేతగాళ్లం తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు.

అరుపు విని పక్కింటి ముస్లిం ఆవిడ, మేమంతా ఖాలా అని పిలిచే మనిషి, వచ్చింది. ఆమె భర్త బజారులో గాజుల దుకాణం నడిపేవాడు. పడుగు చూసింది, మరదలి కళ్లు చూసింది, చూసి అమ్మ మీద విరుచుకుపడింది.

"ఏంది వదినా గిట్ల? మగ్గాన్ని కోస్తె మనిషి నిమ్మలమైతదా? ఈ పిల్ల కండ్లు మూసి ఎన్ని దినాలైంది? మా చెల్లెకు గిట్లనే ఐతె కర్నూలు పెద్ద దవాఖానకు తోల్కపోయినం. ఇప్పుడు నా కంటె లావు ఐంది, నోరు గూడ నా కంటె పెద్దదే."

దర్గాలో తాయెత్తు కట్టిస్తామని మొక్కుకున్నామే అని అమ్మ నసిగింది.

"కట్టుండ్రి, నేను వద్దంటనా? తాయెత్తు కట్టుకొనే రైలెక్కుండ్రి."

ముప్పయ్యో తారీఖు శనివారం ప్యాసింజరులో అమ్మ, నేను, తమ్ముడు మరదలిని, పాపను తీసుకుని కర్నూలు చేరాం. అక్కడి డాక్టరమ్మ నడివయసు మనిషి. ఆమె మొదట అడిగిన ప్రశ్న, ఇది ఎప్పుడు మొదలైంది అని. నేను నోరు తెరిచేలోపు అమ్మ, "మునుపటి సంది ఉన్నట్టుంది. అమరచింతోళ్లు దాచిపెట్టి మాకు అంటగట్టిండ్రు" అన్నది. తమ్ముడు నేల చూశాడు. ఆ ఒక్క మాట కాగితం మీదికి ఎక్కితే మరదలు పుట్టింటికి, పాప మా ఇంటికి అని అమ్మ మనసులో ఎప్పుడో పంపకం అయిపోయిందని నాకు అర్థమైంది. నేను మా అమ్మ ముందు ఎన్నడూ ఎదురు చెప్పినదాన్ని కాదు. ఆ రోజు మాత్రం, మునుపు లేదమ్మా, మంగళవారం పొద్దున ఏడుంబావు దాటాక మొదలైంది, దానికి ముందు అయిదు రోజులు నిద్ర లేదు, అంతకు ముందు ఎనిమిదో నెల దాకా చీరలు నేసింది, ఒక్కదానిలోనూ ఒక్క పోగు తప్పలేదు, లెక్క నాది అని చెప్పాను. అమ్మ నా వైపు చూసిన చూపు, "నీ నోట్ల మన్ను వడ" అని గొణిగిన మాట ఇంకా గుర్తున్నాయి.

డాక్టరమ్మ ఆ తేదీ రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత మాకు అర్థమయ్యేట్టు విడమరిచింది. కాన్పయిన కొద్ది రోజులకు కొందరికి ఇలా ఉన్నట్టుండి వస్తుంది, లేనివి వినబడతాయి, లేనివి నిజమనిపిస్తాయి. ఏళ్లుగా లోపల ఉన్న జబ్బు వేరు, ఇలా హఠాత్తుగా వచ్చింది వేరు. ఇలాంటివారిలో చాలామంది మందులతో, నిద్రతో కొన్ని వారాల్లోనే మునుపటి మనిషి అవుతారు. కానీ ఇప్పుడు మాత్రం ఇది ప్రమాదమే, తల్లినీ బిడ్డనూ ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి, అలాగని బిడ్డను కళ్ల ముందు నుంచి తీసేయకండి అన్నది. నయమయ్యాక కూడా మందు తనంతట తాను ఆపకూడదనీ, మళ్లీ నెల తప్పితే మొదట్లోనే వచ్చి చూపించుకోవాలనీ కూడా చెప్పింది. వార్డులో చేర్చుకున్నారు. పాపకు డబ్బా పాలు పడుతూ ఆమె మంచం పక్కనే నేను ఉండిపోయాను.

మొదటి వారం ఆమె నన్ను గుర్తుపట్టలేదు. రెండో వారం నిద్రపోవడం మొదలుపెట్టింది, గోడలతో మాటలు తగ్గాయి, కానీ మాతోనూ మాట్లాడేది కాదు. ఆ శనివారం అమ్మ, పెదనాన్నను వెంటబెట్టుకుని వచ్చి ఆ మంచం దగ్గరే నిలబడి, మనిషి కుదుటపడగానే అమరచింతకు పంపాలనీ పిల్లను మన దగ్గర ఉంచుకోవాలనీ మాట్లాడి పోయింది. మంగళవారం తమ్ముడు వచ్చినప్పుడు నేను ఒక్కటే చెప్పాను, తల్లినీ పిల్లనూ వేరు చేసేట్టయితే నేనూ వాళ్లతో అమరచింత పోతాను, నీ నూలు లెక్క నువ్వే చూసుకో అని. వాడు, నాకు వేరు చెయ్యాలని లేదక్కా అన్నాడు. ఆ కాసేపటికే, సెప్టెంబరు పదహారు పదకొండు గంటల ప్రాంతంలో, మరదలు నా వైపు తిరిగి, "వదినా, పాపనియ్యి జర" అన్నది. మందు ఆ పూటే పనిచేసిందని నేను లెక్క వేసుకున్నాను. ఇరవై రెండు రోజులు.

ఇంటికి వచ్చేసరికి మగ్గం లేదు. చట్రం విప్పి అటక మీద పడేసి, మేము కర్నూలులో ఉండగానే అమ్మ గుంతను మట్టితో పూడ్పించి అలికించింది. మరదలు మళ్లీ మగ్గం జోలికి పోకపోతేనే పాపతో ఈ ఇంట్లో ఉండనిస్తానన్నది అమ్మ షరతు. పాప ముఖం చూసి మేమంతా సరేనన్నాం. తమ్ముడు షావుకారు షెడ్డులో కూలికి నేయడానికి పోసాగాడు, పక్కన వేరే మనిషితో. మరదలు ఇంట్లో కండెలకు నూలు చుట్టింది. డాక్టరమ్మ ముందుగా వచ్చి చూపించుకోమన్న మాటను మా ఇల్లు మళ్లీ కాన్పే వద్దన్నట్టు విన్నది. జబ్బు ఎన్నడూ తిరిగి రాలేదు. అయినా వీధిలో ఎవరింట పసిపాప ఏడ్చినా ఆమెను ఎత్తుకోనిచ్చేవారు కాదు, ఖాలా ఇంట్లో తప్ప.

పోయిన నెల వనపర్తిలో ఆ డాక్టరమ్మ అంతా రాసుకుని, భయం లేదు, ముందే తెలిసింది కనుక కాన్పు నుంచే కనిపెట్టి చూసుకుందాం, నిద్ర మాత్రం పోనివ్వండి అన్నది. పిల్ల బయటికి వచ్చి వరండా బల్ల మీద తల్లి భుజాన తల పెట్టుకుని కూర్చుంది. అప్పుడు మరదలు నాతో అన్నది.

"ఇరవై రెండు కాదు వదినా. పందొమ్మిదే. అత్త వచ్చిన శనివారమే నాకు సోయొచ్చింది. అన్నీ ఇన్న. బాగైన అంటె అమరచింతకు తోలుతరని మాట్లాడలే. పిచ్చిదాని లెక్క పండుకుంటె పాప నా పక్కన్నే ఉంటది గద."

"మరి మంగళారం ఎట్ల మాట్లాడినవ్?"

"నువ్వు నాతోని వస్తనంటివి గద."

ఆ మూడు రోజులు ఆమె కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ పడుకున్న తీరు నాకు బాగా తెలుసు, నేను పక్కనే ఉన్నాను. లెక్క మార్చుకున్నాను.

ఇప్పుడు దవాఖానలో బల్లకు అవతలి మనిషి మామూలు గొంతుతో అడిగే ప్రశ్న ఒకటి వచ్చింది. జవాబు చెప్తే గదిలో ఎవరూ లేచిపోలేదు, పిల్ల మామగారు కూడా, బాగైంది కదా, ఇంకేంది అన్నాడు. ఆ ఏడు మాకు ఆ ఒక్క మాట అనేవాళ్లు ఉండి ఉంటే అనుకుంటాను. గద్వాల ఇంట్లో గుంత ఉన్నచోట ఇప్పుడు బండలు పరిచాం. వానాకాలంలో అక్కడ ఒక బండ కొద్దిగా కుంగుతుంది.

పోయినవి ఇవి. సగం నేసిన చీర ఒకటి, దాని పడుగు. పాప తాగని తల్లిపాలు. ఇంకొక బిడ్డ. ఇంట్లో మగ్గం. ఒకే గుంతలో పక్కపక్కన కూర్చునే ఇద్దరి పని, ఇరవై రెండేళ్లు. ఇందులో జబ్బు తీసుకుపోయినవి పందొమ్మిది రోజులు.